కర్మాగారములో కరెంటు మేస్త్రి



సంక్రాంతి వెళ్లిన పిమ్మట మీ యూరి ప్రక్కనున్న ధాన్యపు మిల్లు వైపునకు మీరొకమారైనను పోయియుందురు. ట్రాక్టర్లును లారీలును బారులు తీరి నిలిచియుండును. ఎలివేటర్లు ధాన్యమును పైకి చేదుచుండును. లోపలి రొదలో ప్రక్కవాని మాట వినబడదు. ఆ మిల్లు యజమానిని మీరెరుగుదురు, గుమాస్తా నెరుగుదురు, తూకము వేయువానిని మరింత బాగుగ నెరుగుదురు. కాని యా మిల్లులో నొక మూల, నిలువెత్తు ఇనుప పెట్టెల యెదుట, జేబులో టెస్టరును చంకలో రిజిస్టరును గలిగి మసలు మనుష్యుని మీలో ననేకులు గమనించియుండరు. మిల్లు నడచినంతసేపు ఆయన పేరు వినబడదు. మిల్లు ఆగిన తోడనే యందరి నోటను ఆయన పేరే. ఆయనయే పెద్ద కరెంటు మేస్త్రి.

ఆయన చేయు పని యేమి, ఆ పనికి ప్రభుత్వము యోగ్యతాపత్ర మిచ్చు టెందులకు, ఆ పత్రము లేనివాడు ఆ పెట్టెలో చేయి పెట్టిన నేమగును అను మూడు సంగతులను నేటి ప్రసంగమున మనవి చేసెదను. ముప్పదియేండ్లకు పైగా ఈ పనిలోనే నా వయసు గడచినది కనుక, చూచినదానిని చూచినట్లు చెప్పగలనని నమ్మకము.

“మిల్లువారి గొడవ మాకేల?” యని మీరనవచ్చును. ఈనాడు మిల్లులలోను, పత్తి జిన్నింగు మిల్లులలోను, మిరపకాయలు నిలువ చేయు శీతల గిడ్డంగులలోను, ఆసుపత్రులలోను పనికి పోవు పడుచువారు మీ యిండ్లనుండియే పోవుచున్నారు. వారిని పంపుటకు ముందు మీ మాట యడుగుదురు. అందుచేతనే ఈ నాలుగు మాటలు మీతో చెప్పవలసివచ్చినది.

మొదట కరెంటు స్వభావమును గూర్చి కొంచెము తెలిసికొందము. నిప్పు కంటికి కనబడును. వరద దూరమునుండియే వినబడును. పాము సహితము బుసకొట్టును. తీగలో కరెంటున్నదో లేదో చూపునకు తెలియదు, చెవికి తెలియదు, ముక్కునకు తెలియదు. పనిముట్టుతో పరీక్షించి తెలిసికొనవలెను. లేదా ముట్టి తెలిసికొనవలెను. ముట్టి తెలిసికొన్నవాడు ఒక్కొక్కప్పుడు ఆ సంగతి యితరులకు చెప్పుటకు మిగులడు.

మన యిండ్లకు వచ్చు కరెంటు 230 వోల్టులది. మిల్లు మోటారులకు వచ్చునది మూడు ఫేజులది. ఫేజునకును ఫేజునకును నడుమ సుమారు 400 వోల్టు లుండును. పెద్ద మిల్లులకు 11,000 వోల్టుల లైను నేరుగ ఆవరణలోనికే వచ్చును. అచ్చటి ట్రాన్సుఫార్మరు దానిని 400 వోల్టులకు దించును. ఇక ప్రాణము తీయుటకు ఎంత కరెంటు కావలెను? 60 వాట్ల బల్బు వెలుగుటకు ఆంపియరులో నించుమించు నాల్గవ వంతు కరెంటు వలయును. అందులో తొమ్మిదవ వంతు, అనగా 30 మిల్లీఆంపియర్లు, మనిషి యొడలి గుండ కొలది కాలము పారినను ప్రాణాపాయమే. చెమట పట్టిన చేతులతో తడి నేలపై వట్టి కాళ్లతో నిలిచి 230 వోల్టుల తీగను ముట్టినవాని దేహము గుండ అంతకు ఏడెనిమిది రెట్లు పారగలదు. అప్పుడు గుండె కొట్టుకొను క్రమము తప్పి, కొట్టుకొనుటకు మారుగ వణకసాగును.

ఇచ్చట నొక భ్రమను తొలగింపవలసియున్నది. “మాకు ఫ్యూజున్నది, భయము లేదు” అని పలువురందురు. ఐదాంపియర్ల ఫ్యూజు తన్ను దాటి ఐదాంపియర్లకు మించి పారిననే కరగును. మనిషిని చంపుటకు అందులో నూరవ వంతు చాలును. కనుక ఫ్యూజు తీగను కాపాడును గాని మనిషిని కాపాడదు. మనిషిని కాపాడుటకు రెండు సాధనములు కలవు. ఒకటి ఎర్తు. రెండవది ఆర్‌.సి.సి.బి. యను స్విచ్చి. పోయిన కరెంటును తిరిగివచ్చిన కరెంటును ఇది సరిచూచుచుండును. 30 మిల్లీఆంపియర్లు దారి తప్పి నేలలోనికి పోయెనా, రెప్పపాటులో లైనును తెంచివేయును. దానిపై నొక చిన్న పరీక్షా బొత్తాము కలదు. నెలకొకమారు దానిని నొక్కి చూడవలెను. నొక్కినప్పుడు స్విచ్చి పడనిచో, అది గోడకు తగిలించిన బొమ్మయే.

విద్యుత్తు మన దేశమునకు వచ్చి నూట యిరువది యేండ్లు దాటినది. 1897 లో డార్జిలింగు చెంత సిద్రపాంగులోను, 1902 లో కావేరిమీద శివసముద్రము నొద్దను జలవిద్యుత్కేంద్రములు వెలసినవి. 1910 లో విద్యుచ్చట్టము పుట్టినది. 1956 లో ఆ చట్టము క్రింద విపులమైన నియమావళి యేర్పడినది. 2003 లో పాత చట్టము పోయి కొత్త చట్టము వచ్చినది. దాని ననుసరించి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థవారు 2010 లోను, తిరిగి 2023 లోను భద్రతా నిబంధనలను ప్రకటించిరి. చట్టములు మారినను, వాని నడుమ నొక సూత్రము మాత్రము స్థిరముగ నిలిచియున్నది. బల్బు మార్చుట, ఫ్యూజు వేయుట వంటి చిల్లర పనులు తక్క, కొత్తగా తీగ లాగుట గాని, ఉన్నదానిని మార్చుట గాని, మరమ్మతు చేయుట గాని లైసెన్సు గల కంట్రాక్టరు ద్వారానే జరుగవలెను. ఆ పనిని యోగ్యతాపత్రము గల సూపర్‌వైజరు దగ్గర నుండి చూడవలెను. పని చేయువానికి పర్మిటు ఉండవలెను. అనగా లైసెన్సు, యోగ్యతాపత్రము, పర్మిటు అని మూడు కాగితములు. ఏ సంస్థలో ఎవరు ఏ పనికి నియుక్తులో ఆ పేర్లు వ్రాసియుంచవలెనని కూడ నిబంధన కలదు.

ఈ మూడు కాగితములకును త్రోవ యెట్లనగా, పదవ తరగతి ముగిసిన బాలుడు ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియను విద్యను రెండేండ్లు నేర్చును. పిదప ఏదేనొక కర్మాగారమున అప్రెంటిసుగా నుండి చేతిపని యలవరచుకొనును. ఇది 1961 నాటి అప్రెంటిసుల చట్టము కల్పించిన సౌకర్యము. అటుపై రాష్ట్ర ప్రభుత్వమువారి పరీక్ష నిచ్చి వైరుమాను పర్మిటు పొందును. పర్మిటుతో కొన్నేండ్లు పనిచేసి, అనుభవము గడించి, మరల పరీక్ష నిచ్చినవానికి సూపర్‌వైజరు యోగ్యతాపత్రము లభించును. ఇంజనీరింగు డిప్లొమా గలవారికి త్రోవ కొంచెము దగ్గర. ఎట్లు చూచినను పెద్ద మేస్త్రి యనిపించుకొనుటకు పదియేండ్లకు తక్కువ పట్టదు. పంచాంగము చదివిన ప్రతివాడును సిద్ధాంతి కానట్లే, ప్లయరు పట్టిన ప్రతివాడును మేస్త్రి కాడు.

ఇక ఆయన దినచర్య వినుడు. తెల్లవారగనే మిల్లు నడువక పూర్వము ఆయన యొకమారు చుట్టివచ్చును. ట్రాన్సుఫార్మరు నొద్ద చమురు మట్టము చూచును. దాని ఊపిరి గొట్టములో నీలపు గుళికలుండును. అవి తేమను పీల్చి గులాబి రంగునకు తిరిగినచో మార్పించును. ఏలయన తేమ చేరిన చమురు ట్రాన్సుఫార్మరు లోపల రక్షణ మీయజాలదు. వానకాలమున నిలిచిపోయిన మోటారును నడుపుటకు ముందు మెగ్గరను పనిముట్టుతో దాని ఇన్సులేషనును కొలుచును. ఆ కొలత పది లక్షల ఓములకు తగ్గినచో, మోటారును ఆరబెట్టించి మరల కొలిచినగాని కరెంటియ్యడు.

ఎర్తు గుంటలను ఆయన బావులను చూచుకొన్నట్లు చూచుకొనును. మోటారు లోపలి తీగ చెడి దాని యినుప తొడుగును తాకెనను కొనుడు. ఎర్తు సరిగా నున్నచో ఆ కరెంటంతయు తటాలున నేలలోనికి దుమికి ఫ్యూజును కరగించును; మోటారు ఆగును; అంతటితో సరి. ఎర్తు తెగియున్నచో మోటారు ఎప్పటివలెనే తిరుగుచుండును, దాని యొడలంతయు కరెంటు నిండియుండును. దానిపై చేయి వైచినవాడే ఎర్తగును. అందువలననే మూడు ఫేజుల మోటారు ప్రతిదానికిని వేరువేరుగ రెండు ఎర్తు తీగలు వేయవలెనని నియమము పెట్టిరి. ఒకటి తెగిన రెండవది యుండును. వేసవిలో నేల యెండినకొలది ఎర్తు బలము తగ్గును. కనుక గుంటలో నీరు పోయించుచు, ఏటేట కొలిచి ఆ కొలతను రిజిస్టరులో వ్రాయుట మేస్త్రి విధి.

మోటారును తొలుత తిప్పునపుడు అది నడకలో తీసికొనుదానికంటె ఐదారు రెట్లు కరెంటు లాగును. స్టార్‌డెల్టా స్టార్టరు దానిని మూడవ వంతునకు తగ్గించి, మెల్లగ నడక నేర్పును. మూడు ఫేజులలో నొకటి తెగినను తిరుగుచున్న మోటారు వెంటనే ఆగదు. ఒక కాడి తెగినను బరువు దింపని యెద్దువలె మిగిలినవానిపై మోయును. ఆ రెండు ఫేజులు ఒకటిముప్పావు రెట్లు వరకు కరెంటు లాగి, చుట్టలు కాలిపోవును. దీనిని నివారించుటకు ఓవర్‌లోడు రిలే కలదు. కాలిపోయిన మోటారునకు చుట్ట కట్టించుట ఎవరైనను చేయింపగలరు. ఆ రిలేను మోటారునకు తగినట్లు సరిపరచి, మరియొకరు దానిని మార్చకుండ చూచువాడు మాత్రము మేస్త్రి.

ఖర్చు తగ్గించుటలోను ఆయన చేయి కలదు. పూర్వము గోదావరి కాలువలలో పడవలను గట్టుమీదినుండి త్రాడు కట్టి లాగెడివారు. పడవ నడిమి కాలువలో, లాగువారు గట్టుమీద. కనుక త్రాడు ఏటవాలుగ నుండెడిది. వారి బలములో కొంత పడవను ముందునకు నడిపెడిది, కొంత దానిని గట్టువైపున కీడ్చుటలో వ్యర్థమయ్యెడిది. మోటారులు కరెంటును లాగుటయు నిట్టిదే. పనికివచ్చు భాగమునకును మొత్తమునకును గల నిష్పత్తిని పవరు ఫ్యాక్టరందురు. 100 కిలోవాట్ల పనికి పవరు ఫ్యాక్టరు 0.7 ఉన్నచో లైనునుండి 143 కేవీఏ తీసికొనవలెను, 0.95 కు పెంచినచో 105 కేవీఏ చాలును. పెద్ద వినియోగదారులకు బిల్లు కేవీఏ లెక్కనే వచ్చును. తగిన కెపాసిటర్లు పెట్టి, చెడినవానిని వెదకి మార్చు మేస్త్రి తన జీతమును తానే సంపాదించి పెట్టును.

అయితే ఈ కెపాసిటర్ల యందొక మోసము కలదు. స్విచ్చి తీసిన పిదపను వానిలో కరెంటు కొంతసేపు నిలిచియుండును. తాళము వేసిన ఇంటిలో పామున్నట్లు. తగినంతసేపు ఆగి, అది దిగిపోయెనని పరీక్షించినగాని చేయి పెట్టరాదు. ఎరుగనివాడు “స్విచ్చి తీసితిని గదా” యని చేయి పెట్టును.

ఇప్పుడు నా కండ్లతో చూచిన యొక సంగతి చెప్పవలసియున్నది. మిల్లు పేరును ఊరి పేరును చెప్పను. నేను పడుచుదనమున పనిచేసిన మిల్లులో పందొమ్మిదేండ్ల బాలుడొకడు సహాయకుడుగా నుండెను. చురుకైనవాడు. ఏ ఐ.టి.ఐ.లోను చదువలేదు, చూచి నేర్చినదే విద్య. ఆనాడు మా పెద్ద మేస్త్రి కూతురి నిశ్చితార్థమునకు సెలవు పెట్టెను. నన్ను వేరొక మరమ్మతునకు బస్తీకి పంపిరి. ఎలివేటరు మోటారు ఆగి ఆగి తిరుగుచుండెనట. బయట లారీలు నిలిచియుండెను. గుమాస్తా ఆ బాలుని పిలిచి, “నీకు తెలియును గదా, ఒకమారు చూడుము” అనెను. బాలుడు స్టార్టరు బొత్తామును నొక్కి మోటారును ఆపెను. మోటారు మీది డబ్బా మూత విప్పి తీగలను చేతితో పట్టుకొనెను. ఆ మోటారును నడుపుటకు క్రింద నొక బొత్తాము, పై యంతస్తులో నొక బొత్తాము ఉండెను. పైనున్న కూలివాడు ఎలివేటరు ఆగినదని చూచి, ఎప్పటివలె బొత్తాము నొక్కెను. అతని తప్పేమియు లేదు. అది అతని నిత్యకృత్యము.

సాయంకాలము ఆ బాలుని తాత వచ్చెను. మీ వంటి పెద్దమనిషియే, భారతము చదువుకొన్నవాడు. ఏడ్వలేదు. మా యందరివైపు చూచి, “నాయనలారా, వానికి ఆ పని వచ్చునని మీకెవరు చెప్పిరి?” అని మాత్ర మడిగెను. ఎవ్వరును బదులు చెప్పలేదు. ఆ ప్రశ్నకు బదులు ఈనాటికిని నా యొద్ద లేదు. యోగ్యతాపత్రమన నేమియో నాకు ఆనాడు తెలిసినది. “ఇతనికి ఆ పని వచ్చును” అని పరీక్షించి చెప్పి, ఆ మాటకు సంతకము చేసి పూచీపడిన కాగితమే అది.

సెలవునుండి వచ్చిన మేస్త్రి మరునాడే బజారుకు పోయి పది తాళములు కొనివచ్చెను. ఆయన నేర్పిన పద్ధతి యిది. మోటారు బొత్తాము నొక్కుట చాలదు. ఆ మోటారునకు కరెంటు పంపు అసలు స్విచ్చిని తీయవలెను. దానికి తాళము వేయవలెను. “పని జరుగుచున్నది, ముట్టరాదు” అను పలకను పేరు వ్రాసి తగిలింపవలెను. తాళపు చెవి పనిచేయువాని జేబులోనే యుండవలెను; ఇద్దరు పనిచేసిన రెండు తాళములు. తరువాత టెస్టరుతో చూడవలెను. టెస్టరే చెడియుండవచ్చును గనుక, మొదట కరెంటున్న చోట చూచి, పిదప పనిచేయు చోట చూచి, మరల కరెంటున్న చోట చూడవలెను. 11,000 వోల్టుల లైనైనచో దానిని ఎర్తునకు కట్టిన తరువాతనే చేయి వేయవలెను. ఇంత చేయుటకు పావుగంట పట్టును. ఆ పావుగంటను సహింపలేక పోవుటచేతనే ప్రాణములు పోవుచున్నవి. ప్రభుత్వమువారి నేరగణన గ్రంథములను బట్టి, ఇటీవలి కాలమున మన దేశమున విద్యుద్ఘాతమువలన ఏటేట పదివేలమందికి పైగా మరణించుచున్నారు.

పెద్ద మేస్త్రికి పనితనముతోపాటు మరియొక గుణము కావలెను. అది కాదనగల ధైర్యము. మరియొక సంవత్సరమున మిల్లు రేయింబవళ్లు నడచుచున్న తరుణమున, పెద్ద ప్యానెలులో నొక జాయింటు వేడెక్కుచున్నట్లు మేస్త్రి కనిపెట్టెను. వదులైన జాయింటు మహా చెడ్డది. దానియందు కరెంటు రెండింతలైన వేడి నాలుగింతలగును. వేడికి అది మరింత వదులగును. పైగా ధాన్యపు మిల్లులో తవుడు ధూళియు ఊక ధూళియు ప్రతి సందులోను పేరుకొని యుండును. దానికొక నిప్పురవ్వ చాలును. మేస్త్రి యజమాని యొద్దకు పోయి, “షావుకారుగారూ, మిల్లు మూడు గంటలు ఆపవలెను” అనెను.

“మేస్త్రీ, నలుబది లారీలున్నవి. ఈ రాత్రి గడవనిమ్ము; రేపు చూచుకొందము.”

“రేపటి వరకు అది నిలుచునని నేను సంతకము చేయలేనండి. తాము మరియొకరిచేత చేయించుకొనుడు.”

యజమాని కోపించెను, రెండు మాటలు పరుషముగ ననెను కూడ. అయినను మిల్లు నాపించెను. జాయింటు విప్పి చూడగా రాగి లగ్గు బొగ్గువలె నల్లబడియుండెను. కేబులు పైతొడుగు ముట్టినంతనే పొడియై రాలెను. మేస్త్రి దానిని తెచ్చి షావుకారుగారి బల్లపై పెట్టి యేమియు మాటాడక వెళ్లెను. మరుసటి సంవత్సరము ధాన్యము రాకపూర్వమే షావుకారుగారు తానై, “మేస్త్రిగారూ, ఈసారి ప్యానెలు చూచుటకు ఏనాడు ఆపమందురు?” అని యడిగెను.

విద్య గలవారు నలుగురున్న చోటను విద్యుత్తు నిర్లక్ష్యమైన క్షణమునకై కాచుకొని యుండును. 2020 ఆగస్టు 20 వ తేది రాత్రి శ్రీశైలము ఎడమగట్టున భూగర్భమందున్న జలవిద్యుత్కేంద్రములో అగ్ని పుట్టి తొమ్మండుగురు మరణించిరి. వారిలో ఇంజనీరులును ఉండిరి. ఎవరిదో తప్పని చెప్పుటకు దీనిని తలచుట లేదు. అంతటి నిపుణులు పనిచేయు చోటనే ఇట్టి యాపద రాగలిగినప్పుడు, ఏమియు నేర్వని బాలుని ఒంటరిగా ప్యానెలు ముందు నిలుపుట ఎంత సాహసమో ఆలోచింపుడు.

మిల్లులే కాదు. ఆసుపత్రిలో కరెంటు పోయిన క్షణములలో జనరేటరు అందుకొననిచో ఊపిరి యంత్రముమీద నున్న రోగి గతి యేమి? శీతల గిడ్డంగిలో మోటారు లాగిపోయిన రైతు సరకు గతి యేమి? కల్యాణమండపములో పెండ్లినాడు నాలుగు వందల దీపములు, పది ఏసీలు ఒక పాత తీగకు తగిలించిన నేమగును? ఇవన్నియు పెద్ద మేస్త్రి లెక్కలోనివే. జనరేటరు విషయమున నొక మాట ప్రత్యేకముగ చెప్పవలెను. జనరేటరును లైనునకు కలుపునపుడు, బయటి లైనును పూర్తిగా విడదీయు ఛేంజోవరు స్విచ్చి ఉండితీరవలెను. లేనిచో జనరేటరు కరెంటు వెనుకకు పారి, ట్రాన్సుఫార్మరు గుండ 11,000 వోల్టులై, “లైను ఆపితిమి” అని నమ్మి స్తంభమెక్కిన లైనుమానును కొట్టును. ఆతడెవరో, ఆ జనరేటరు నడిపినవాడెవరో. ఒకరినొకరు ఎన్నడును చూచియుండరు.

ప్రమాదము జరిగినచో చేయవలసినది కూడ వినుడు. కరెంటు పట్టుకొన్నవానిని చేతితో లాగరాదు. ముందు స్విచ్చి తీయవలెను. స్విచ్చి దూరమైనచో, ఇంటి కరెంటు విషయమున మాత్రము, పొడి చెక్కమీద నిలిచి పొడి కఱ్ఱతో తీగను త్రోయవచ్చును. తెగిపడిన పెద్ద లైనైనచో దాపునకు పోరాదు. సబ్‌స్టేషనుకు కబురంపి లైనాపించవలెను. విడిపించిన తరువాత ఊపిరి లేకున్న ఛాతీ నడుమ రెండు చేతులుంచి నిమిషమునకు నూరు మొదలు నూటయిరువది మార్లు గట్టిగ నొక్కుచు, 108 కు ఫోను చేయించవలెను. ఊపిరి లేదని వదలి పోరాదు; వైద్యుడు వచ్చువరకు నొక్కుచునే యుండవలెను. ఈ విధానమును మన భాషలో వ్రాసి కర్మాగారములలో గోడకు తగిలింపవలెనని నిబంధన కలదు. ఆ పలక యుండుటయే గాక, దానిని పనివారిచేత చదివించి అభ్యాసము చేయించుట పెద్ద మేస్త్రి పని.

ఇక మీతో నా విన్నపము. మీ మనుమడు కరెంటు పనికి పోదునన్నచో వలదనకుడు. అది గౌరవమైన వృత్తి. అన్నము పెట్టు వృత్తి. కాని రెండేండ్ల ఐ.టి.ఐ. చదువును బరువని తలపక చదివింపుడు. నెలకు నాలుగు రూకలు ముందుగా వచ్చునని చదువు మాన్పించి సహాయకుడుగా పంపకుడు. పనిలో చేర్చునాడు మీరు స్వయముగ పోయి, “అయ్యా, మావాడు ఎవరి చేతిక్రింద పనిచేయును? ఆయనకు యోగ్యతాపత్రము కలదా?” అని యడుగుడు. సంబంధము చూచుకొనునపుడు గోత్రము అడుగుటకు సిగ్గుపడము గదా, ఇదియు నట్టిదే. ఉన్నవాడు సంతోషముగ చూపును. లేనివాడు విసుగుకొనును, ఆ విసుగే మీకు జవాబు.

అట్లే మీ యూరి బడిలోను, దేవాలయపు ఉత్సవములోను, పంచాయతీ నీటి మోటారునొద్దను కరెంటు పని జరుగునపుడు మొదట కూలి యెంతయని యడుగకుడు. పర్మిటు ఏదియని యడుగుడు. ఊరి పెద్దలు అడుగుచున్నారని తెలిసిన చోట పని తీరు దానంతట మారును.

ఆ తాత యడిగిన ప్రశ్న నాకు ముప్పదియేండ్లుగా చెవిలో వినబడుచునే యున్నది. పని ముగిసిన తరువాత అడిగిన ప్రశ్న అది. అదే ప్రశ్నను పని మొదలుకాక ముందు మీరడిగినచో, ఒక యింటి దీపము నిలుచును.